పదిమందితో అడవికి

నల్లమల చెంచులు కొండతేనె తీసే తీరు చాలామంది వినే ఉంటారు. కొండ అంచున తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని ఒక మనిషి చరియ మీదుగా కిందికి దిగుతాడు. కాళ్ల కింద లోయ, కళ్ల ముందు రాతికి వేలాడే పెద్ద తుట్టె, చుట్టూ పొగకు లేచిన ఈగలు. పైన తాడు దగ్గర ఎవరుండాలన్నదానికి వాళ్లలో తరాలనాటి కట్టుబాటు ఉంది. తోడబుట్టినవాడు కాదు, బావమరిది ఉండాలి. కిందికి దిగినవాడికి ఏమైనా అయితే దిక్కులేనిదయ్యేది తన అక్కో చెల్లెలో కనుక ఆ చెయ్యి తాడును వదలదని వాళ్ల నమ్మకం.

స్నేహితులో, చుట్టాలో, ఆఫీసువాళ్లో కలిసి అడవిలో నడిచి, ఒక రాత్రి గుడారాల్లో ఉండి వద్దామన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ కట్టుబాటు గుర్తుకొస్తుంది. ప్రయాణానికి ఏర్పాట్లు అనగానే మన ఆలోచన బండి మీదికి, బస మీదికి, తిండి మీదికి, తలా ఎంత పడుతుందన్న లెక్క మీదికి పోతుంది. అవన్నీ చూసుకోవలసినవే. కానీ వాటి కంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. అక్కడ ఎవరి ప్రాణానికి ఎవరు పూచీ? ఊళ్లో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోనక్కర్లేదు. వీధి చివరి మందుల షాపు, ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు, తలుపు తడితే పలికే పక్కింటివాళ్లు ఆ పూచీని మనకు తెలియకుండానే మోస్తుంటారు. చెట్లలోకి రెండు కిలోమీటర్లు నడిచేసరికి వాళ్లెవరూ ఉండరు. వాళ్లు చేసే పనంతా మనతో వచ్చిన పదిమంది మధ్య పంచుకోవాలి. ఆ పంపకమే ప్రణాళిక అని నేను నమ్ముతాను.

కలిసి అడవికి పోవడం మనకు కొత్త కాదు. కార్తీకం వస్తే ఉసిరిచెట్టు నీడ వెతుక్కుని వనభోజనాలు చేసిన జాతి మనది. నాగర్‌కర్నూలు జిల్లా అడవిలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగితే జనం రాళ్ల దారిన లోయలోకి దిగి శివుణ్ణి చూసి వస్తారు. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లో తుంబురు తీర్థానికి నడిచిపోతారు. ఉగాది దగ్గర పడితే కర్ణాటక భక్తులు ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పాత కాలిబాటన శ్రీశైలం చేరతారు. పద్నాలుగో శతాబ్దంలోనే రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. తాను ఎక్కడానికే అయితే అన్ని మెట్లు అక్కర్లేదు. తన తర్వాత వచ్చేవాళ్ల మోకాళ్ల గురించి ఆలోచించాడు కనుకే కట్టించాడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. దారిలో అహోబిలం చూశాడు, నల్లమల ఎక్కి శ్రీశైలం వెళ్లాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్లకు తెలుసు, మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నది ఏమిటో. నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్లదా ఇసుకదా. గుళ్లూ గోపురాలూ చూసి పరవశించిన మనిషే, బోయీలకూ నౌకర్లకూ పూట గడిచే వీలు ఉందో లేదో కూడా అంతే శ్రద్ధగా చూశాడు. గుంపును నడిపించే మనిషికి ఉండవలసిన చూపు అది. దృశ్యం చూసే కన్నూ, వెనక నడిచేవాళ్లను చూసే కన్నూ రెండూ తెరిచి ఉండాలి.

ఈ కాలపు జట్టు వాట్సాప్‌లో పుడుతుంది. ఎవరో ఒక జలపాతం ఫోటో పెడతారు, అందరూ బొటనవేళ్లు ఎత్తుతారు. ఆ వేళ్లను లెక్కపెట్టి బండి మాట్లాడకూడదు. వచ్చేది ఎవరో ఖాయం కావాలంటే ముందు తారీఖు ఖాయం కావాలి, తర్వాత అడ్వాన్సు డబ్బు చేతికి రావాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది దాకా అయితే ఒకరినొకరు చూసుకోగలరు. ఇంకా ఎక్కువైతే వాళ్లలోనే చిన్న గుంపులు పుట్టి, వెనకబడినవాణ్ణి ఎవరూ గమనించని పరిస్థితి వస్తుంది. అంతమంది ఉంటే రెండు జట్లు చేసి, చెరొక పెద్దను పెట్టుకోవడమే మేలు.

మనుషులు ఖాయమయ్యాక అందరూ ఒకసారి ఒకచోట కూర్చోవాలి. ఫోనులో కాదు, ఎదురెదురుగా. అక్కడ అడగవలసిన మొదటి మాట ఆరోగ్యం గురించి. ఎవరికి ఉబ్బసం ఉంది, ఎవరికి షుగరుంది, ఎవరు బీపీ మాత్రలు వేసుకుంటారు, తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడని బాధ ఎవరికైనా ఉందా? మన దగ్గర ఈ విషయాలు దాచిపెట్టే అలవాటు ఎక్కువ. చెబితే వద్దంటారేమోనని భయం. అందుకే నలుగురిలో అడగకుండా జట్టు పెద్ద ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మెల్లగా అడగాలి. "బాబాయ్, మోకాలు నొప్పి ఉంటే చెప్పండి, దారి మారుద్దాం" అంటే చెబుతారు. "మోకాలు నొప్పి ఉన్నవాళ్లు రావొద్దు" అంటే ఎవరూ నోరు విప్పరు, నొప్పి మాత్రం మనతోపాటే కొండెక్కుతుంది. ఆ బాబాయి చెప్పిన ఒక్క మాటతో పన్నెండు కిలోమీటర్ల దారి ఏడు కిలోమీటర్లు కావచ్చు. జట్టుకు దానివల్ల పోయేదేమీ లేదు. ఆయన లేకుండా నడిచిన పన్నెండు కంటే ఆయనతో నడిచిన ఏడే నాకు పెద్ద ప్రయాణం.

తర్వాత చోటు. మనకు నచ్చిన చెట్టు కింద గుడారం వేసుకునే వీలు మన అడవుల్లో లేదు, ఉండకూడదు కూడా. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలో అతి పెద్దది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట అనుమతి లేకుండా అడుగుపెట్టడమూ నేరమే, నిప్పు పెట్టడమూ నేరమే. మన్ననూరు, బైర్లూటి, మారేడుమిల్లి, తలకోన వంటి చోట్ల అటవీశాఖ బస ఉంది, వెంట వచ్చే స్థానికులున్నారు. అక్కడ దిగి, వాళ్లు చూపిన బాటన నడవాలి. రేంజ్ ఆఫీసుకు ముందే ఫోను చేసి ఏ దారి తెరిచి ఉందో, ఎంతమందిని రానిస్తారో, గుడారాలకు వీలుందో లేదో కనుక్కుని, అనుమతి కాగితం చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఖర్చు పెట్టాలి. ఆ కాగితం ఉంటే, మనం ఏ దారిన వెళ్లామో, ఎప్పుడు తిరిగి రావాలో తెలిసిన మనిషి బయట ఒకడుంటాడు. చాటుగా వెళ్లినవాళ్లు తప్పిపోతే ఎక్కడ వెతకాలో ఎవరికి తెలుస్తుంది?

కాలం ఎంచుకోవడం అన్నిటికంటే పెద్ద నిర్ణయం. నల్లమల ఆకు రాల్చే అడవి. జూలై నుంచి మూడు నెలలు వానల్లో పులుల అభయారణ్యాల్లో పర్యాటకం ఆపేస్తారు. జంతువులకు అది ఊపిరి తీసుకునే కాలం, వాగులకు పొంగే కాలం. పైన ఎక్కడో కురిసిన వానకు మన ముందున్న వాగు నిమిషాల్లో నడుమెత్తు నీళ్లతో రావచ్చు. ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు. బోద గడ్డి గలగలలాడుతుంది. అప్పటి నుంచి మే దాకా నిప్పుల కాలం. కార్తీకం నుంచి మాఘం మొదటిదాకా, అంటే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు మనలాంటివాళ్లు నడవడానికి తగినవి. వాగుల్లో ఇంకా నీరుంటుంది, చెట్ల మీద ఇంకా ఆకుంటుంది, ఎండ భరించేలా ఉంటుంది.

నిప్పు గురించి ఒక్క సంగతి ప్రతి జట్టూ తెలుసుకోవాలి. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడవడానికి వెళ్లిన జట్లు కార్చిచ్చులో చిక్కుకున్నాయి. ఎక్కువమంది నగరాల నుంచి వచ్చిన యువతీయువకులు. ఇరవై మందికి పైగా చనిపోయారు. నిప్పు పల్లం కంటే ఎత్తు వైపు వేగంగా పాకుతుంది, ఎందుకంటే మంట పైకి లేస్తూ తన ముందున్న గడ్డిని అంటుకోకముందే ఎండబెట్టేస్తుంది. ఎండుగడ్డి వాలు మీద, గాలి తోడైతే, మనిషి దానికంటే ముందు పరుగెత్తలేడు. ఆ ఘోరం తర్వాత తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. వాళ్లు మనలాంటివాళ్లే. సెలవు దొరికింది, స్నేహితులు కలిశారు, కొండ పిలిచింది. వాళ్ల మరణం మనకు నేర్పవలసింది భయం కాదు, క్యాలెండరు చూడటం. మన సెలవులు ఎప్పుడో చూసి అడవికి పోకూడదు, అడవికి వీలెప్పుడో చూసి సెలవు పెట్టుకోవాలి.

నడక లెక్క కట్టడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఎనిమిది కిలోమీటర్ల దూరం, మూడువందల మీటర్ల ఎక్కుడు ఉంటే రెండు గంటల పైచిలుకు అని తేలుతుంది. అది చలిదేశంలో, అలవాటైన కాళ్లకు. మన ఎండలో, రాళ్ల బాటన, ఆఫీసు కుర్చీ నుంచి నేరుగా వచ్చిన జట్టుకు దాన్ని రెట్టింపు చేసి, ఆగే సమయం కలుపుకుంటే అయిదు గంటలు. ఉదయం ఆరున్నరకు కదిలితే పదకొండున్నర. డిసెంబరులో అయిదున్నర దాటాక పొద్దు దిగుతుంది, లోయలో వెలుగు ఇంకా ముందే పోతుంది. అందుకే బయల్దేరే గంటతో పాటు వెనక్కి తిరిగే గంట కూడా ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒంటిగంటకు ఎక్కడున్నా సరే, జలపాతం చప్పుడు చెవిలో పడుతున్నా సరే, వెనక్కి. ఇంటి దగ్గర చల్లటి బుర్రతో తీసుకున్న ఈ నిర్ణయం కొండ మీద వేడెక్కిన బుర్రకు కళ్లెం వేస్తుంది. ఇంకాస్త దూరమే కదా అన్న మాటకు అక్కడ జవాబు చెప్పేది మనిషి కాకూడదు, కాగితం కావాలి. అప్పుడు ఎవరి మీదా ఎవరికీ కోపం రాదు.

జట్టు వేగం ఎవరి వేగం? బలంగా నడిచేవాడిది కాదు, మధ్యరకం వాళ్లదీ కాదు, అందరికంటే మెల్లగా నడిచేవాళ్లది. ఇది మాటవరసకు ఒప్పుకోవడం తేలిక, కాళ్లతో పాటించడం కష్టం. ముందు దారి తెలిసినవాడు, చిట్టచివర ఓపికైన గట్టి మనిషి ఒకడు ఉండాలి. చివరివాడి వెనక ఎవరూ మిగలకూడదు. బాట చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగి, చివరి మనిషి కనపడ్డాకే కదలాలి. ఇందులో ఒక చిన్న అన్యాయం తరచుగా జరుగుతుంది. ముందు వెళ్లినవాళ్లు బండమీద కూర్చుని అలుపు తీర్చుకుంటారు, వెనకబడినవాళ్లు రొప్పుతూ రాగానే "వచ్చేశారా, పదండి" అని లేస్తారు. బలమున్నవాడికి విశ్రాంతి, లేనివాడికి పరుగు. చివరి మనిషి వచ్చాక అయిదు నిమిషాలు ఆగాలన్న నియమం పెట్టుకుంటే చాలు, జట్టు స్వభావమే మారిపోతుంది. మెల్లగా నడిచేవాళ్లను అన్నిటికంటే ముందు వరుసలో పెడితే ఇంకా మంచిది. వాళ్లు చిన్నబుచ్చుకోరు, మిగతావాళ్లు తొందరపడరు.

నీళ్ల లెక్క సులువు. రోజంతా నడిచే మనిషికి మూడు నాలుగు లీటర్లు కావాలి. లీటరంటే కిలో బరువు. దారిలో నింపుకునే చోటు ఉందా, ఈ నెలలో అక్కడ నీరుందా అన్నది వెళ్లినవాళ్లను కాదు, అక్కడ ఉండేవాళ్లను అడగాలి. వాగు నీరు ఎంత తేటగా ఉన్నా మరిగించో, క్లోరిన్ బిళ్ల వేసో తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఓఆర్ఎస్ పొట్లాలు ప్రతి సంచిలో ఉండాలి. ఇదంతా చాలామంది రాసుకుంటారు. రాసుకోనిది ఒకటుంది. జట్టులో ఆడవాళ్లుంటే, వాళ్లలో కొందరు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు. దాహం లేక కాదు, పోవడానికి మరుగు లేదని. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం, ఎండదెబ్బ. అందరూ నీళ్లు తక్కువ తాగారంటారు, ఎందుకు తక్కువ తాగారో అడగరు. నీళ్ల ఏర్పాటుకంటే ముందు మరుగు ఏర్పాటు మాట్లాడాలి. ఆగే చోట్లలో ఏవి ఆడవాళ్లకు, ఎంతసేపు, తోడు ఎవరు అన్నది ముందే చెప్పాలి. నెలసరి వచ్చినవాళ్లకు కావలసినవి మందుల సంచిలో అందరి సామానుగానే పెట్టాలి. ఈ మాటలు సిగ్గుపడకుండా మాట్లాడుకోగలిగిన జట్టు మిగతా ఆపదలన్నిటినీ కూడా మాట్లాడుకోగలదు.

తిండి దగ్గర మన వంటిళ్లే గురువులు. మొదటి పూటకు చింతపండు పులిహోర. చెడదు, చల్లగానూ బాగుంటుంది. దారిలో చేతికి అందేలా వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, వేయించిన అటుకులు. రాత్రికి రవ్వ ఉప్మానో, కిచిడీనో చిన్న గ్యాసు పొయ్యి మీద, అది కూడా వెలిగించడానికి అనుమతి ఉన్నచోట. పొద్దున రాగి జావ. వండటం, గిన్నెలు తోమడం ఎవరి పనో పేర్లు రాసి పెట్టుకోకపోతే ఇంటి అలవాటు అడవికీ వస్తుంది. మగవాళ్లు గుండ్రంగా కూర్చుని కబుర్లు, ఆడవాళ్లు గిన్నెల దగ్గర. ఆ అలవాటును గేటు బయటే వదిలిపెట్టాలి. సంచి బరువు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. బూట్లు కొత్తవైతే ఇంటి దగ్గర కొన్ని వారాలు వేసుకుని తిరగాలి. బొబ్బ ఎక్కిన పాదం ఒక్కటి చాలు, పదిమంది నడకను ఆపడానికి.

రాత్రి గురించి ఎక్కువ చెప్పాలి. గుడారం ఎండిన వాగులో వేయకూడదు, తేనెతుట్టెల కిందా, ఎండుకొమ్మల చెట్టు కిందా వేయకూడదు, నీళ్లకు జంతువులు వచ్చే బాటలో అసలే వేయకూడదు. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2000 నుంచి 2019 దాకా జరిగిన మరణాల మీద వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. కాసేపటికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అందుకే గుడారం జిప్పు ఎప్పుడూ వేసి ఉండాలి, బూట్లు దులిపి తొడుక్కోవాలి, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకూడదు. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయకూడదు. ఉంగరాలూ గడియారమూ తీసి, ఆ అవయవం కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. మోయడానికి మనుషులు కావాలి, మార్చుకుంటూ మోయాలి. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో బయల్దేరే ముందే ఫోను చేసి తెలుసుకుని, ఆ నంబరు అందరి జేబుల్లో కాగితం మీద ఉండాలి. ఫోనులో దాచిన సమాచారం ఆ ఫోను ఆగిపోతే పోతుంది.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ ఉదయం ఆరుకే తీస్తారు. రాత్రి రోడ్డు దాటే జంతువుల కోసం పెట్టిన నియమం అది. ఇలాంటివి తెలియకుండా ఆఫీసు అయ్యాక బయల్దేరిన జట్టుకు మొదటి రాత్రే గాబరా మొదలవుతుంది. ఇలాంటప్పుడు కబురు అందుకోవడానికి ఊళ్లో ఉండిపోయే ఒక మనిషిని కూడా జట్టు సభ్యుడిగా లెక్కించాలని నా మాట. ఆ మనిషి దగ్గర మన దారి, పేర్లు, బండి నంబరు, అటవీ అధికారి ఫోను, ఆదివారం సాయంత్రం ఎన్నింటికి ఫోను చేస్తామో రాసి ఉండాలి. ఆ గంట దాటి ఎంతసేపు చూసి ఎవరికి కబురు పెట్టాలో కూడా. ఇల్లు కదలకుండా ప్రయాణంలో పాలుపంచుకునే ఆ మనిషి అమ్మో, అక్కో, ఎదురింటి మాస్టారో కావచ్చు. వాళ్ల నిద్ర మన బాధ్యత.

నల్లమల అడవిలో మనకు దారి చూపేది చెంచులు. పులుల కాపలాకు అటవీశాఖ పెట్టిన బేస్ క్యాంపుల్లోనూ వాళ్లే పనిచేస్తారు. వాళ్లు ఆగమంటే ఆగాలి. ఇప్ప పువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంటి ఏ చెట్టు కింద ఉంటుందో, గాలి ఎటు మళ్లితే తేనెటీగలు లేస్తాయో వాళ్లకు తెలుసు. సెంటు పూసుకోవద్దని, పొగ పెట్టొద్దని, పాటలు పెట్టొద్దని వాళ్లు చెబితే అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. ఎలుగు ఎక్కువగా ఎదురుపడి ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది. మనుషులు వస్తున్న అలికిడి మామూలు మాటలతో వినిపిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. వెంట వచ్చిన మనిషికి ఇవ్వవలసిన కూలి ముందే మాట్లాడుకుని, బేరం ఆడకుండా, చేతికి ఇవ్వాలి. అన్నం మనతో కలిపి పెట్టాలి. వాళ్ల గూడెమైన పెంటలోకి వెళ్తే అది వాళ్ల ఊరు, వాళ్ల వాకిలి అని గుర్తుంచుకోవాలి. అడగకుండా ఫోటో తీయకూడదు, పిల్లలకు చాక్లెట్లు విసరకూడదు.

వెళ్లేటప్పుడు సంచిలో ఏముందో తిరిగి వచ్చేటప్పుడు దాని కాగితాలూ కవర్లూ అన్నీ సంచిలోనే ఉండాలి. ఉప్పు అంటిన చిప్స్ కవరును దుప్పి కూడా తింటుంది, అది అరగదు. మల విసర్జనకు నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. ఇవి చిన్న పనులే. కానీ ఈ పనుల దగ్గరే జట్టులో ఎవరు ఎలాంటివారో తెలిసిపోతుంది. పదేళ్లు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గురించి తెలియనిది, ఒక రాత్రి అడవిలో అతను చివరి బాటిల్లో నీళ్లు ఎవరికిచ్చాడో చూస్తే తెలుస్తుంది.

ఇన్ని రాసుకుని వెళ్తే ఇంక ఆనందమేముంది, సాహసమేముంది అని కుర్రవాళ్లు అడుగుతారు. నా అనుభవంలో సంగతి వేరేగా ఉంది. నీళ్లు సరిపోతాయని తెలిసినప్పుడే చెవులు అడవి పిట్టను వింటాయి. వెనక ఒక మనిషి ఉన్నాడని తెలిసినప్పుడే మెల్లగా నడిచే అమ్మాయి తలెత్తి నల్లమద్ది చెట్ల మొసలి చర్మం లాంటి బెరడును చూస్తుంది. దిగులు లేని మనసుకే అడవి కనిపిస్తుంది. ఏర్పాట్లు లేకుండా వెళ్లినవాళ్లు చూసేది అడవిని కాదు, తమ భయాన్ని, తమ దాహాన్ని, తమ గడియారాన్ని. ముందు రోజుల్లో పడిన శ్రమంతా ఆ రెండు రోజుల్లో మనసును ఖాళీగా ఉంచడానికే.

పైగా ప్రణాళిక జట్టును తయారు చేస్తుంది. బయల్దేరే రోజుకు మనం వట్టి పరిచయస్తుల గుంపుగా ఉంటే కొండ మనల్ని జట్టుగా మార్చదు, విడగొడుతుంది. ఒకరి మందుల పేర్లు ఒకరికి తెలిసి, ఒకరి బరువు ఒకరు మోయడానికి ఒప్పుకుని, వెనక్కి తిరుగుదామంటే సరేనని ముందే మాట ఇచ్చుకున్నవాళ్లు గేటు దాటకముందే ఒకటవుతారు. ఊళ్లో మనకు కరువైంది ఈ ఒప్పందమే. అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్ల పేరు తెలియని బతుకుల్లో, ఒక వారాంతం కోసమైనా పదిమంది ఒకరికొకరు పూచీ పడటం చిన్న విషయం కాదు.

కనుక ఈ కార్తీకంలో వనభోజనం రెండు గంటల్లో ముగించకండి. ఒక రాత్రి ఉండే ఆలోచన చేయండి. ఇప్పుడే తారీఖు వేయండి, రేంజ్ ఆఫీసుకు ఫోను చేయండి, మీ జట్టులో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో కనుక్కుని ఆ మనిషినే మొదట పిలవండి. దారి, గంటలు, నీళ్లు అన్నీ ఆ మనిషి కొలతతో వేయండి. అలా వేసిన ప్రయాణంలో మిగతా అందరికీ చోటు దానంతటదే దొరుకుతుంది.